కొరోల్లా 5 కోట్లు దాటింది సరే, అదంతా ఒకే కారా?

రేర్‌వ్యూ
దశాబ్దాల వారీగా ఎక్కువ అమ్ముడైన కార్ల జాబితా ఏది తెరిచినా మొత్తం మీద మొదటి స్థానం టయోటా కొరోల్లాకే ఇస్తున్నారు. 1966లో మొదలైంది, 2021కల్లా 5 కోట్లు దాటింది, అది కాదనను. కానీ 1966 కొరోల్లాలోని ఒక్క బోల్టయినా ఇవాళ్టి కొరోల్లాకు పడుతుందా? మొదటి దాంట్లో ఉన్నది 1,077 సీసీ ఇంజన్, తిరిగేవి వెనక చక్రాలు. 1983లో వచ్చిన తరంతో మామూలు సెడాన్ ముందు చక్రాల బండిగా మారింది. ఇప్పుడున్నది పన్నెండో తరం, అందులో హైబ్రిడ్ కూడా ఉంది. పన్నెండు వేర్వేరు కార్లను ఒకే పేరు కింద కూడేసి ప్రపంచ రికార్డు అంటే ఎలా? జట్టు కొట్టిన పరుగులన్నీ కెప్టెన్ ఖాతాలో రాసినట్టుంది.

నా దృష్టిలో అసలు రికార్డు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ది. 2,15,29,464 బండ్లు. మొదటి దాన్నీ చివరి దాన్నీ పక్కపక్కన నిలబెడితే చిన్నపిల్లలు కూడా రెండూ ఒకటే అంటారు. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు
కంపెనీలు అంకెలు ఇచ్చేదే పేరు మీద. అందుకే జాబితాలన్నీ పేరు మీదే ఉంటాయి. ఆ లెక్కన కొరోల్లా 1997లోనే బీటిల్‌ని దాటింది. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్ ట్రక్కు 2022లో 4 కోట్లకు చేరింది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ మూడున్నర కోట్లు దాటి చాలా కాలమైంది. ఈ వరసలో బీటిల్ కిందికి పోతుంది.

బీటిల్_బాబాయ్
కిందికి పోనివ్వండి మాస్టారూ, దాని గౌరవం ఎక్కడికీ పోదు.

1945లో యుద్ధం అయిపోయేసరికి జర్మనీలో బీటిల్ ఫ్యాక్టరీ సగం శిథిలం. బ్రిటిష్ సైన్యంలో మేజర్ ఐవాన్ హర్స్ట్ అనే ఇంజనీరును దాని మీద పెట్టారు. ఆయన ఒక కారుకు ఆకుపచ్చ రంగు వేయించి సైన్యాధికారులకు చూపిస్తే, 20,000 కార్లకు ఆర్డరిచ్చారు. లేకపోతే ఆ యంత్రాలను విప్పి పట్టుకుపోయేవాళ్లు. బ్రిటన్ కార్ల కంపెనీల వాళ్లు వచ్చి చూసి, ఈ బండిని ఎవరు కొంటారులే అనుకుని వెళ్లిపోయారు. అదే బండి 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ కారుతో ఫోర్డ్ మోడల్ టీ రికార్డును దాటింది. జర్మనీలో ఆపేశాక కూడా మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జులై 30 దాకా తయారైంది. ఇంతకంటే ఏం కావాలి?

నాలుగో_గేరు
బాబాయ్, చరిత్ర మీద నాకు పేచీ లేదు. కానీ 'ఒకే కారు' అన్నదాని మీద ఉంది. 1953లో వెనక రెండు ముక్కల అద్దం పోయి కోడిగుడ్డు ఆకారంలో ఒకే అద్దం వచ్చింది. ఇంజన్ 1,131 సీసీ నుంచి 1,600 దాకా పెరిగింది. 1970లలో సూపర్ బీటిల్‌కి ముందు సస్పెన్షన్ పూర్తిగా మార్చేశారు. చివరి మెక్సికో బండ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ కూడా ఉంది. బయట రేకు ఒకేలా కనిపిస్తే చాలు ఒకే కారు అంటారా?

బీటిల్_బాబాయ్
గాలితో చల్లబడే ఇంజన్ వెనకే ఉందా లేదా? నాలుగు సిలిండర్లు అటు రెండు ఇటు రెండు పడుకునే ఉన్నాయా లేదా? కింద ఆ ప్లాట్‌ఫామే ఉందా లేదా? అద్దం మారిస్తే కారు మారిపోదు తమ్ముడూ.

గ్రీజుచేతులు
షెడ్డులో పనిచేసేవాడిగా నా కొలత ఒకటే. విడి భాగాలు ఒకదానివి ఇంకోదానికి పడితే ఒకే బండి, పడకపోతే వేరే బండి. కొరోల్లాలు రెండు తరాలవి పక్కపక్కన ఎత్తి పనిచేశాను. బానెట్ పేరు చూస్తే అన్నదమ్ములు, కింద చేయి పెడితే పరాయివాళ్లు. బుష్‌లు వేరు, బ్రేక్ ప్యాడ్లు వేరు, ఆఖరికి వైపర్ క్లిప్పు కూడా వేరు. రేర్‌వ్యూ చెప్పింది కరెక్టే.

రేర్‌వ్యూ
అన్నా, నాకు కావాల్సిన సాక్ష్యం ఇదే.

సుజాత_స్టీరింగ్
మీ గొడవ సరే గానీ, కొనేవాళ్లకు దీంతో ఏం పని అనుకుంటున్నారా? చాలా పని ఉంది. బాగా అమ్ముడుపోని ఒక కారు ముచ్చటపడి కొన్నాను. పార్కింగ్‌లో ఎవరో తగిలించి వెనక లైటు పగలగొట్టారు. ఆ లైటు రావడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ ఎర్ర టేపు అంటించుకుని తిరిగాను. కంపెనీ పేరు చెప్పను. అందుకే ఎక్కువ అమ్ముడైన కారు అంటే నాకు రికార్డు కాదు, పార్టు దొరకడం.

గ్రీజుచేతులు
నూటికి నూరుపాళ్లు నిజం అక్కా. ఎక్కువ అమ్ముడైన బండికి పార్టులు దొరుకుతాయి, పార్టులు దొరుకుతాయని మళ్లీ అదే బండి కొంటారు. ఆ చక్రం ఒకసారి మొదలైందంటే ఆపడం కష్టం.

వోల్గా_తీరం
'ఒకే డిజైన్' లెక్క పెడితే మీరంతా ఒక బండిని మర్చిపోయారు. లాడా.

1966లో సోవియట్ యూనియన్ ఫియట్‌తో ఒప్పందం చేసుకుని ఫియట్ 124ని తీసుకుంది. అప్పటికి అది కొత్త కారు, 1967లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైంది. వోల్గా ఒడ్డున ఫ్యాక్టరీ కట్టారు. ఊరికి ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు టోలియాట్టి పేరు అప్పటికే పెట్టి ఉన్నారు. 1970లో వాజ్-2101, అంటే మొదటి లాడా, బయటికొచ్చింది. అక్కడి రోడ్లకు తగ్గట్టు మందం రేకు వేశారు, బండి ఎత్తు పెంచారు, వెనక డిస్క్ బ్రేకులు బురదకు నిలవవని డ్రమ్ములు పెట్టారు. ఇంజన్ కొత్తది. చలికి బ్యాటరీ చచ్చిపోతే హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేసుకునే ఏర్పాటు కూడా ఉంది. అదే కుటుంబం 2101 నుంచి 2107 దాకా చిన్నచిన్న మార్పులతో 2012 వరకు నడిచింది. మొత్తం 1.7 కోట్లకు పైగా.

అంటే రేర్‌వ్యూ పెట్టిన రూలు ప్రకారం బీటిల్ తర్వాత రెండో స్థానం లాడాది. మోడల్ టీ మూడోది.

స్టెప్నీ
ఈ లెక్క ఏ జాబితాలోనూ చూడలేదు. దండం పెట్టాలి.

నాలుగో_గేరు
కానీ లాడా అమ్ముడుపోయిందా, లేక ఇచ్చారా? అక్కడ కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. తూర్పు జర్మనీలో ట్రబాంట్ కోసం పదేళ్లు దాటి ఆగినవాళ్లున్నారు. 30 లక్షల ట్రబాంట్లు తయారయ్యాయి. టూ స్ట్రోక్ ఇంజన్, పత్తి వ్యర్థాన్ని రెజిన్‌తో అచ్చుపోసిన బాడీ, చాలా వాటికి పెట్రోలు మీటర్ కూడా లేదు, ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవాలి. బెర్లిన్ గోడ కూలిన రెండేళ్లలోపే దాని తయారీ ఆగిపోయింది. వేరే కారు కొనుక్కునే వీలు లేనిచోట ఎన్ని పోయాయన్నది జనం ఇష్టానికి కొలత కాదు.

వోల్గా_తీరం
ట్రబాంట్‌నీ లాడానీ ఒకే గాట కట్టొద్దు గేరు. లాడాను పశ్చిమ యూరప్‌లోనూ కెనడాలోనూ అమ్మారు. అక్కడ క్యూ లేదు, పక్కనే వేరే కార్లు ఉన్నాయి, అయినా కొన్నారు.

నాలుగో_గేరు
చవక కాబట్టి.

వోల్గా_తీరం
మోడల్ టీని మాత్రం ఎందుకు కొన్నారు మరి?

బీటిల్_బాబాయ్
హహ్హ, అదీ దెబ్బ.

లెక్కల_మాస్టారు
మోడల్ టీ చవక కావడం వెనక పెద్ద కథ ఉంది. 1908లో వచ్చినప్పుడు దాని ధర 850 డాలర్లు, అప్పటి మామూలు కూలీకి అందేది కాదు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, పన్నెండున్నర గంటలు పట్టే చాసిస్ బిగింపు గంటన్నరకు దిగింది. పని ఒకేలా విసుగ్గా ఉంటోందని మనుషులు మానేస్తుంటే, 1914 జనవరిలో రోజు కూలి 5 డాలర్లు చేశారు. 1920ల మధ్యకు బండి ధర 260 డాలర్లకు పడిపోయింది. జీతం పెరిగింది, ధర తగ్గింది, రెండూ ఎదురొచ్చి ఒకచోట కలిశాయి. 1920ల తొలినాళ్లలో అమెరికా రోడ్ల మీద ఉన్న కార్లలో దాదాపు సగం ఇవే.

స్టెప్నీ
నలుపు రంగు తప్ప వేరే రంగు ఇచ్చేవాళ్లు కాదట కదా.

లెక్కల_మాస్టారు
1914 నుంచి 1925 దాకా మాత్రమే. ముందు ఆకుపచ్చ, ఎరుపు, నీలం ఉండేవి. చివర్లో అమ్మకాలు జారుతుంటే మళ్లీ రంగులు తెచ్చారు.

గ్రీజుచేతులు
పాత కార్లు దాచుకునే ఒక పెద్దాయన దయవల్ల మోడల్ టీ సీట్లో కూర్చుని నడిపి చూశాను. ఇవాళ్టి డ్రైవర్ ఎవడికైనా చెమటలు పడతాయి.

కాళ్ల దగ్గర మూడు పెడళ్లున్నాయి. అలవాటు కొద్దీ కుడిది ఎక్సలేటర్ అనుకుని తొక్కితే బ్రేకు పడుతుంది. మధ్యది రివర్సు. ఎడమది పూర్తిగా తొక్కి పట్టుకుంటే తక్కువ గేరు, వదిలేస్తే ఎక్కువ గేరు, సగంలో ఆపితే న్యూట్రల్. మరి ఎక్సలేటర్ ఏదీ? స్టీరింగ్ కింద కుడివైపు చిన్న పుల్ల లాంటి లీవర్, వేలితో కిందికి లాగాలి. ఎడమవైపు అలాంటిదే ఇంకోటి, అది స్పార్క్ పడే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరపడానికి. ఇవన్నీ చేస్తూ హ్యాండ్‌బ్రేక్ లీవర్ కూడా చూసుకోవాలి, అది వెనక్కి ఉంటే ఎక్కువ గేరు పడదు. పక్కన పెద్దాయన ఓపిగ్గా చెప్తూనే ఉన్నారు, నా కుడికాలు మాత్రం మాట వినలేదు.

పెట్రోలు పంపు లేదు. ట్యాంకు సీటు కింద ఉంటుంది, పెట్రోలు తనంతట తాను కార్బ్యురేటర్‌లోకి జారాలి. ట్యాంకులో తక్కువ ఉన్నప్పుడు నిటారు ఎత్తు ఎక్కిస్తే ఇంజన్‌కు చుక్క అందదు. అందుకని బండిని తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్లు. ఆయన చిన్న మిట్ట మీద ఎక్కించి చూపించారు కూడా.

సుజాత_స్టీరింగ్
వెనక్కి తిరిగి కొండ ఎక్కడమా! ఇది చదివాక నా క్లచ్ మీద గౌరవం పెరిగింది.

రేర్‌వ్యూ
అంత అమ్ముడైన బండి 1927లో ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయింది?

లెక్కల_మాస్టారు
ఒక్కసారిగా కాదు, ఏళ్ల తరబడి జారుతూ వచ్చింది. అవతల జనరల్ మోటార్స్ 1919లోనే అప్పు ఇచ్చే సంస్థ పెట్టింది. కారు ముందు తీసుకో, డబ్బు నెలనెలా కట్టు అంది. హెన్రీ ఫోర్డ్‌కి అప్పు అంటే గిట్టదు. ఆయన 1923లో పెట్టిన పథకంలో వారం వారం డబ్బు జమ చేసి, మొత్తం నిండాక కారు తీసుకోవాలి. మీరైతే ఏది ఎంచుకుంటారు? పైగా జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ఏటా కారు రూపం కొంచెం మార్చే పద్ధతి తెచ్చాడు. 1927 మేలో ఫోర్డ్ మోడల్ టీ ఆపి, మోడల్ ఏ కోసం నెలల తరబడి ఫ్యాక్టరీలు మూసుకుంది. ఆ ఏడు షెవర్లే ముందుకొచ్చింది.

స్టెప్నీ
ఈఎంఐ గెలిచిందన్నమాట.

పికప్_ప్రసాద్
ఆ తర్వాత అమెరికాలో షెవర్లే, ఫోర్డ్ చాలా ఏళ్లు పోటాపోటీ. 1965లో షెవర్లే ఇంపాలా ఒక్క ఏడాదిలో 10 లక్షలు దాటింది. ఐదున్నర మీటర్ల పొడుగు, అప్పటి పెట్రోలు ధరకు ఎవరూ మైలేజీ అడగలేదు.

చార్జింగ్_కేబుల్
1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి ఆ కథ ముగిసింది. జనం అంతా చిన్న జపాన్ కార్ల వైపు పరిగెత్తారు. కొరోల్లా, సివిక్ అలా పైకొచ్చాయి.

పికప్_ప్రసాద్
అందరూ ఇలాగే చెప్తారు, కానీ 1976లో అమెరికాలో ఎక్కువ అమ్ముడైన కారేదో చూడండి. ఓల్డ్స్‌మొబైల్ కట్లస్. ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజన్ దొరికే బండి! మూడేళ్లలో జనం పెట్రోలు ధర మర్చిపోయారు. చిన్న కార్లు గట్టిగా నిలబడింది 1979లో ఇరాన్ విప్లవం తర్వాత రెండో దెబ్బ తగిలాకే.

చార్జింగ్_కేబుల్
ప్రసాద్ అన్నా, కట్లస్ ఒక్కదాన్ని చూసి అలా అనలేం. 1975లో హోండా సివిక్‌కి సీవీసీసీ ఇంజన్ వచ్చింది. అమెరికా కొత్త పొగ నిబంధనలకు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండానే సరిపోయింది. సిలిండర్ పైభాగంలో చిన్న గది, అందులో చిక్కటి మిశ్రమం ముందు అంటుకుంటుంది, ఆ మంట పెద్ద గదిలోని పల్చటి మిశ్రమాన్ని కాలుస్తుంది. అమెరికాలోని మూడు పెద్ద కంపెనీలు కుదరదు, గడువు పెంచండి అంటున్నప్పుడు హోండా చేసి చూపించింది. పునాది అప్పుడే పడింది. 1989లో అకార్డ్ అమెరికాలో (పికప్‌లు కాక) కార్లలో మొదటి స్థానానికి వచ్చింది, విదేశీ పేరుతో ఉన్న కారు అక్కడ నంబర్ వన్ కావడం అదే మొదలు. దాన్ని అప్పటికే 1982 నుంచి ఒహాయోలో తయారు చేస్తున్నారు.

నాలుగో_గేరు
1992 నుంచి 1996 దాకా ఫోర్డ్ టారస్ మొదటి స్థానం తిరిగి తెచ్చుకుంది కదా. అందులో రెంటల్ కంపెనీలకు గంపగుత్తగా పోయినవి చాలా ఉన్నాయి. 1997లో అది టయోటా క్యామ్రీకి పోయింది. జాబితాలో మొదటి స్థానం కోసం కంపెనీలు డిస్కౌంట్లిచ్చి బండ్లు తోసేస్తాయి, ఆ సంగతి కూడా లెక్కలోకి రావాలి.

సుజాత_స్టీరింగ్
ఎక్కువ అమ్మితే లాభం కూడా ఉంటుందనుకుంటాం. మినీ సంగతి చూడండి. 1956లో సూయెజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ వచ్చింది, చిన్న కారు కావాలని ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌కు అప్పగించారు. ఆయన ఇంజన్‌ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ని దాని కిందే పెట్టేశాడు. మూడు మీటర్ల కారులో నలుగురు కూర్చున్నారు. ఇవాళ చిన్న కార్లలో దాదాపు అన్నింటిలోనూ ఇంజన్ అడ్డంగానే ఉంటుంది. 1959 నుంచి 2000 దాకా 53 లక్షలకు పైగా అమ్ముడైంది. అయితే ఫోర్డ్ వాళ్లు ఒక మినీ కొని ముక్కముక్క విప్పి ఖర్చు లెక్కేస్తే, ఒక్కో కారు మీద కంపెనీకి నష్టమే అని తేలింది. అంత గొప్ప బండి, అన్ని లక్షల మంది కొన్నారు, అయినా దాన్ని కన్న కంపెనీ నిలబడలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

గ్రీజుచేతులు
మినీ ఇంజన్ పని చేసినవాళ్లను అడగండి అక్కా. గేరు నూనె, ఇంజన్ నూనె రెండూ ఒకటే. నూనె మార్చడం బద్ధకిస్తే రెండూ పోతాయి.

పికప్_ప్రసాద్
జాబితాల్లో అమెరికా అంటే ఎఫ్-సిరీస్, దాని వెనక కోడి ఉందని ఎంతమందికి తెలుసు?

స్టెప్నీ
కోడా?

పికప్_ప్రసాద్
కోడే. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవక కోళ్లు యూరప్‌ని ముంచెత్తాయి. యూరప్ వాళ్లు సుంకం వేశారు. బదులుగా 1963 చివర్లో అధ్యక్షుడు జాన్సన్ నాలుగు వస్తువుల మీద 25 శాతం సుంకం వేశాడు: బంగాళాదుంప గంజిపొడి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కులు. ట్రక్కుల మీద గురి అసలు ఫోక్స్‌వ్యాగన్‌కి. మిగతావి తర్వాత ఎత్తేశారు, ట్రక్కుల సుంకం మాత్రం పోలేదు. బయటి పికప్ వస్తే నాలుగో వంతు ధర పెరుగుతుంది. ఆ గోడ లోపల ఎఫ్-సిరీస్ 1977 నుంచి అక్కడ నంబర్ వన్ ట్రక్కు. 1980ల మొదలు నుంచి కార్లను కూడా కలిపి మొదటిది.

దాన్ని తప్పించుకోవడానికి సుబారు తన బ్రాట్ పికప్‌లో సామాను వేసే తొట్టిలో వెనక్కి తిరిగిన రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించింది. సీట్లుంటే ట్రక్కు కాదు, ప్యాసింజర్ బండి. ఇంకా ఉంది. ఈ సుంకం నీడన పెరిగిన ఫోర్డే టర్కీ నుంచి తన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనక సీట్లతో దించి, రేవు దాటగానే ఆ సీట్లు పీకేసేది. ఆ కేసు 2024లో 36.5 కోట్ల డాలర్లకు రాజీ అయింది.

స్టెప్నీ
తను ఎక్కిన గోడని తనే దూకింది. ఈ థ్రెడ్‌లో ఇదే నాకు నచ్చిన పోస్టు.

రేర్‌వ్యూ
ఎఫ్-సిరీస్ కూడా ఒక బండి కాదు కదా ప్రసాద్ అన్నా. ఎఫ్-150 వేరు, పెద్ద సరుకులు లాగే ఎఫ్-550 వేరు. అన్నీ కూడి ఒక అంకె.

పికప్_ప్రసాద్
ఒప్పుకుంటా. కానీ తీసేసి చూసినా ఎఫ్-150 చిన్నదేం కాదు.

సుజాత_స్టీరింగ్
ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే నేను ఎత్తుతున్నా. ఎక్కువ అమ్ముడైన కారు మనుషుల్ని కాపాడుతుందా?

మెక్సికోలో నిస్సాన్ సురు అని ఒక సెడాన్ ఉండేది. 1990ల మొదట్లో వచ్చిన డిజైన్‌నే 2017 దాకా తయారు చేశారు. ఏళ్ల తరబడి అక్కడ ఎక్కువ అమ్ముడైన కార్లలో ఒకటి, టాక్సీలుగా వీధుల నిండా అవే. ఎయిర్‌బ్యాగులు లేకుండా అమ్మేవాళ్లు. 2013లో కార్లను గుద్దించి భద్రత కొలిచే లాటిన్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో సున్నా స్టార్లు వచ్చాయి. 2016లో ఆ సురుని అదే కంపెనీ అమెరికాలో అమ్మే చిన్న కారు వెర్సాతో ఎదురెదురుగా గుద్దించారు. ఆ వీడియో చూడండి. వెర్సాలో బొమ్మ కూర్చున్న చోటు చెక్కుచెదరలేదు. సురులో స్టీరింగ్, డాష్‌బోర్డు, పైకప్పు అన్నీ కలిసి బొమ్మ మీదికి వచ్చేశాయి. తయారీ ఆపేస్తున్నామన్న ప్రకటన కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.

డిజైన్ మార్చకుండా ఇన్నేళ్లు అమ్మాం అనేది రికార్డు కాదు రేర్‌వ్యూ. కొన్నిసార్లు అది కొనేవాళ్ల ప్రాణాలతో చేసిన పొదుపు. ఆ రకంగా చూస్తే కొరోల్లా పదకొండు సార్లు మారడమే దాని గొప్ప.

రేర్‌వ్యూ
అక్కా, భద్రత గురించి మీరు చెప్పినదాంతో ఏకీభవిస్తా. కానీ నేను అడిగింది మంచి కారు ఏది అని కాదు, రికార్డు ఎవరిది అని. రెండూ వేరు.

సుజాత_స్టీరింగ్
వేరే. కానీ జాబితా చదివేవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. బాధ అక్కడే.

గ్రీజుచేతులు
ఆ వీడియో చూశాను. మా షెడ్డులో కుర్రాళ్లకు కూడా చూపించాను.

లెక్కల_మాస్టారు
పేరుతో లెక్కించడంలో తిరకాసు రెండు వైపులా ఉంది. కొరోల్లాకు అదనంగా కలిసిందే కాదు, కలవకుండా పోయింది కూడా ఉంది. 1980ల మధ్యలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి నుమ్మీ అనే ఫ్యాక్టరీ నడిపాయి. అక్కడ తయారైన షెవర్లే నోవా లోపలంతా కొరోల్లాయే, బ్యాడ్జి మాత్రం షెవర్లేది. తర్వాత వచ్చిన జియో ప్రిజమ్ కూడా అంతే. ఇవేవీ ఆ 5 కోట్లలో లేవు. గ్రీజుచేతులు గారి కొలత ప్రకారం పార్టులు పడతాయి కాబట్టి వీటిని కలపాలి మరి.

గ్రీజుచేతులు
కలపాల్సిందే. మాట మీద నిలబడతా.

చార్జింగ్_కేబుల్
మాస్టారూ, ఆ నుమ్మీ ఫ్యాక్టరీలో 2010 ఏప్రిల్ 1న చివరగా బయటికొచ్చింది కొరోల్లాయే. అదే ఏడాది ఆ ఫ్యాక్టరీని టెస్లా కొనుక్కుంది. ఇప్పుడు అక్కడ మోడల్ వై తయారవుతోంది. 2023లో ప్రపంచం మొత్తం మీద ఎక్కువ అమ్ముడైన కారు మోడల్ వై, దాదాపు 12 లక్షలు. ఎలక్ట్రిక్ కారు మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. కొరోల్లా కుర్చీని కొరోల్లాలు తయారైన షెడ్డులోనే లాక్కున్నారు.

నాలుగో_గేరు
ఒక్క ఏడాది మొదటి స్థానం వచ్చినంత మాత్రాన దశాబ్దం మీ చేతికి రాదు. ఫోర్డ్ ఫియెస్టాను చూడండి, బ్రిటన్‌లో వరసగా చాలా ఏళ్లు నంబర్ వన్. 2023లో తయారీ ఆపేశారు. ఆ కొలోన్ ఫ్యాక్టరీని ఎలక్ట్రిక్ బండ్లకు ఇచ్చేశారు. జనం చిన్న కారు వదిలేసి ఎత్తు బండ్లెక్కారు.

బీటిల్_బాబాయ్
ఫియెస్టా మాట ఎత్తకు, గుండె కలుక్కుమంటుంది.

ఇంత ఎలక్ట్రిక్ గురించి మాట్లాడారు కాబట్టి మా బీటిల్ తెలివి ఒకటి చెప్పనివ్వండి. అద్దం కడిగే నీళ్లు చిమ్మడానికి కరెంటు మోటారు పెట్టలేదు. ముందు డిక్కీలో ఉన్న స్టెప్నీ టైరుకు సన్నటి గొట్టం తగిలించారు, ఆ టైరులోని గాలే నీళ్లను తోస్తుంది. గాలి మరీ తగ్గిపోకుండా ఒక వాల్వు ఉంటుంది. ఒక స్నేహితుడి బండిలో మీట నొక్కి చూశాను, నీళ్లు సర్రుమని వచ్చాయి.

స్టెప్నీ
నా పేరుకు ఇంత గౌరవం ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు బాబాయ్.

చార్జింగ్_కేబుల్
మోడల్ వై 2020 నుంచి ఒకే డిజైన్‌తో నడుస్తోంది, మధ్యలో ఒకసారి ముఖం మార్చారు. ఇదే ఊపులో పోతే రేర్‌వ్యూ రూలు ప్రకారం కూడా మోడల్ టీని పట్టుకోగలదంటారా?

లెక్కల_మాస్టారు
మోడల్ టీ ఒక్క 1923లోనే దాదాపు 20 లక్షలు తయారైంది. సరిగ్గా నూరేళ్లకు, రోబోలతో, మూడు ఖండాల ఫ్యాక్టరీలతో, మోడల్ వై 12 లక్షల దగ్గర ఆగింది. పైగా 1923లో కార్లు కొనగలిగిన జనం ఎంతమంది? కోటిన్నర చేరాలంటే ఈ వేగంతో పన్నెండేళ్లు దాటుతుంది, అప్పటిదాకా ఒకే డిజైన్‌ని ఈ పోటీలో ఎవరూ ఉంచరు. చైనా కంపెనీలు రెండు మూడేళ్లకో కొత్త బండి తెస్తున్నాయి. కాబట్టి ఒకే డిజైన్ లెక్కలో బీటిల్‌ని ఇక ఎవరూ దాటరనే నా నమ్మకం.

రేర్‌వ్యూ
బీటిల్, లాడా, మోడల్ టీ. నా జాబితా ఇలాగే రాసుకుంటున్నా. పక్కన సుజాత అక్క చెప్పిన భద్రత కాలమ్ కూడా పెడతా.

వోల్గా_తీరం
లాడా పేరు రెండో వరసలో చూడ్డానికి ఇన్నాళ్లు పట్టింది. సంతోషం.

స్టెప్నీ
బండి అంటే నాలుగు చక్రాలే ఉండాలా? హోండా సూపర్ కబ్ 1958లో మొదలై 2017లోనే 10 కోట్లు దాటింది. మీ కొరోల్లాకు రెండింతలు.

నాలుగో_గేరు
అది కూడా సిరీస్ లెక్కే. 50 సీసీ, 90, 110, 125 అన్నీ కలిపి.

గ్రీజుచేతులు
సూపర్ కబ్‌కి వేరే థ్రెడ్ తెరువు స్టెప్నీ. చేతి క్లచ్ లేకుండా గేర్లు మార్చే ఆ సెంట్రిఫ్యూగల్ క్లచ్ విప్పిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అక్కడ పెడతా.